చిలీని కాపాడింది నియమం, కూల్చింది మినహాయింపు

చిలీలో భూమి కంపించిన ప్రతిసారీ మన పత్రికలు ఒకే మాట రాస్తాయి: భూకంపాలతో బతకడం నేర్చుకున్న దేశం. అబద్ధమేమీ కాదు. 2014 ఏప్రిల్ 1న ఇకీకే తీరంలో 8.2 తీవ్రతతో వస్తే చనిపోయినవారు పట్టుమని పదిమంది లేరు. 2015 సెప్టెంబర్ 16న ఇయాపెల్ దగ్గర 8.3 వస్తే మృతులు 15 మంది. ఆ రాత్రి దాదాపు 10 లక్షల మంది సునామీ భయంతో తీరం వదిలి ఎత్తైన చోట్లకు వెళ్లిపోయారు, తెల్లారాక తిరిగొచ్చారు. ఇంకో దేశంలోనైతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఈ పొగడ్తలన్నిటిలోనూ ఒక భవనం పేరు కనిపించదు. కన్సెప్సియోన్ నగరంలో కొత్తగా కట్టిన 15 అంతస్తుల ఆల్టో రియో. 2010 ఫిబ్రవరి 27 తెల్లవారుజామున 3.34కు 8.8 తీవ్రత భూకంపం రాగానే ఆ భవనం మొదలు నరికిన చెట్టులా వెల్లకిలా పడింది. ఎనిమిది మంది చనిపోయారు. ప్రపంచంలోనే కఠినమైన నిర్మాణ నియమావళి (కోడ్) అని పేరున్న దేశంలో, ఆ కోడ్ అమల్లో ఉండగా కట్టిన భవనం అది. చిలీ దగ్గర నేర్చుకోవాల్సిన పాఠం ఆ శిథిలాల్లోనే ఎక్కువ ఉంది. దాని గురించి మాట్లాడటానికి ఎవరికీ ఓపిక లేదు.

నేపథ్యం అందరికీ తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో ముగిస్తాను. పసిఫిక్ అడుగున ఉన్న నాజ్కా భూఫలకం ఏడాదికి ఆరేడు సెంటీమీటర్ల చొప్పున దక్షిణ అమెరికా కిందికి దూరుతోంది. కదలక బిగుసుకుపోయిన చోట ఒత్తిడి దశాబ్దాల తరబడి పేరుకుని ఒక్కసారిగా విడుదలవుతుంది. 1960 మే 22న వల్దీవియా దగ్గర అలా విడుదలైనదే 9.5 తీవ్రత. పరికరాలతో కొలిచిన భూకంపాల్లో దాన్ని మించింది లేదు. సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడవున భూమి చీలింది. సునామీ పసిఫిక్ దాటి హవాయిలోని హీలో పట్నంలో 61 మందిని, ఒక రోజు గడిచేలోపే జపాన్‌లో 140 మంది దాకా పొట్టన పెట్టుకుంది.

కానీ చిలీ గోడలు మారింది 1960 వల్ల కాదు, అంతకు చాలా ముందే. 1928లో తల్కా భూకంపం తర్వాత అక్కడ దేశవ్యాప్త నిర్మాణ నిబంధనల పని మొదలైంది. 1939 జనవరి 24 రాత్రి చియాన్ పట్నం నేలమట్టమైంది. పాతిక వేల మందికి పైగా పోయారు. తర్వాత ఇంజనీర్లు ఇల్లిల్లూ తిరిగి చూస్తే తేలిందేమిటంటే, ఉత్త ఇటుకతో కట్టినవాటిలో 60 శాతం దాకా పూర్తిగానో పాక్షికంగానో కూలాయి. అదే ఊళ్లో, అదే కుదుపుకు, కాంక్రీటు పట్టీల మధ్య బిగించి కట్టిన ఇటుక ఇళ్లలో సగానికి పైగా చెక్కుచెదరలేదు. ఈ పద్ధతినే కన్ఫైన్డ్ మేసనరీ అంటారు.

ఇందులో మన మేస్త్రీలకు వింతగా తోచేది పని జరిగే వరస. మనం ముందు కాలమ్‌లు, బీములు, స్లాబ్ పోసి, తర్వాత ఖాళీల్లో ఇటుక నింపుతాం. వాళ్లు ముందు ఇటుక గోడ లేపుతారు. మూలల దగ్గర, గోడ అంచుల దగ్గర ఇటుకల్ని పళ్లలా లోపలికి బయటికి వదిలి, మధ్యలో సన్నని రాడ్లు నిలబెడతారు. గోడ లేచాక రెండు పక్కలా చెక్క కట్టి ఆ సందులో కాంక్రీటు పోస్తారు. అది ఇటుక పళ్లలోకి దిగి గోడతో ఒక్కటవుతుంది. పైన పట్టీ బీము వేసి బిగిస్తారు. నిలువు పట్టీలు 6 మీటర్లకు మించి దూరం ఉండకూడదు. తలుపుకూ కిటికీకీ అటూ ఇటూ కూడా పట్టీ పడాలి, లేదంటే పగులు ఆ మూలలోంచే మొదలవుతుంది. మన పద్ధతిలో ఊగేటప్పుడు ఫ్రేమ్ ఒక దారి, గోడ ఒక దారి. వాళ్ల పద్ధతిలో ఇటుక పగిలినా పట్టీలు దాన్ని జారిపోనివ్వవు. ఖర్చు కూడా తక్కువే, ఎందుకంటే లావుపాటి కాలమ్‌లు అక్కర్లేదు. ఐఐటీ గాంధీనగర్ క్యాంపస్‌లో హాస్టళ్లు, క్వార్టర్లు ఇలాగే కట్టారు. అక్కడితో ఆగిపోయాం!

ఇక అసలు సంగతికి వద్దాం. 1985 మార్చి 3న వాల్పరాయిసో దగ్గర 8కి అటూ ఇటూగా ఉన్న తీవ్రతతో భూకంపం వచ్చింది. పక్కనే ఉన్న వీన్యా దెల్ మార్‌లో వందలాది కాంక్రీటు అపార్ట్‌మెంట్లున్నాయి. అత్యధికం నిక్షేపంగా నిలబడ్డాయి. అమెరికా నుంచి పరిశోధకులు వచ్చి ఆశ్చర్యపోయారు. ఆ గోడల అంచుల్లో నిలువు రాడ్లను చుట్టి బిగించే ఇనుప రింగులు దగ్గర దగ్గరగా లేవు. అయినా నిలిచాయి. కారణం గోడలు ఎక్కువ కావడం: ఒక అంతస్తు వైశాల్యంలో ఒక్కో దిశలోనూ దాదాపు 3 శాతం కాంక్రీటు గోడలే. బరువు పంచుకునేవి ఎక్కువైతే ఒక్కోదానిపై పడే భారం తగ్గుతుంది కదా.

అక్కడే చిలీ ఇంజనీర్లు పప్పులో కాలేశారు. 1996లో భూకంప కోడ్ ఎన్‌సీహెచ్ 433ని సవరించినప్పుడు కాంక్రీటు డిజైన్‌కు అమెరికా నియమావళిని తెచ్చుకున్నారు. అందులో గోడ అంచులను రింగులతో బిగించాలన్న నిబంధనలుంటే, మాకు అవసరం లేదని పక్కన పెట్టారు. 1985లో అవి లేకుండానే నిలబడ్డాం, ఇప్పుడెందుకన్నది వాదన. కాగితం మీద అందులో తప్పేమీ కనబడదు. కానీ ఆ అనుభవం అప్పటి భవనాలది, కట్టే తీరు మాత్రం అక్కడే ఆగిపోలేదు. 1985 తర్వాతి పాతికేళ్లలో అంతస్తులు పెరిగాయి. గోడల వైశాల్యం శాతం మారకపోయినా మందం 15, 20 సెంటీమీటర్లకు దిగింది, మోసే బరువు పెరిగింది. మినహాయింపు మాత్రం అలాగే ఉంది.

2010లో ఏం జరిగిందో దగ్గరగా చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. చిలీ అపార్ట్‌మెంట్ ప్లాన్‌లో మధ్య కారిడార్ పొడవునా గోడలుంటాయి, వాటి నుంచి ఫ్లాట్లను విడదీసే అడ్డగోడలు చేప ముల్లులా బయటికి వస్తాయి. పై నుంచి చూస్తే ఒక్కో జత ఆంగ్ల అక్షరం 'టీ' ఆకారం. భవనం ఊగినప్పుడు కారిడార్ వైపు గోడలోని రాడ్లన్నీ కలిసి లాగుతాయి. ఆ లాగుడుకు సరిపడా నొక్కుడంతా అడ్డగోడ అవతలి కొసన, ఆ 15 సెంటీమీటర్ల అంచు మీద పడుతుంది. మొదట రాడ్ల మీది కాంక్రీటు పొర, అంటే కవర్, ఊడుతుంది. రెండు పక్కలా 2 సెంటీమీటర్ల చొప్పున పోతే మిగిలేది 11. రింగుల కొసలు 90 డిగ్రీలకే వంచి ఉండటంతో, పట్టు ఇచ్చే కవర్ పోగానే అవి విచ్చుకుంటాయి. రింగు విచ్చుకోగానే నిలువు రాడ్లు బయటికి వంగిపోతాయి. ఇక అంచున మొదలైన నలుగుడు గోడ పొడవునా అడ్డంగా పాకి, గోడ మొత్తం ఒక్కసారి కిందికి కుంగుతుంది. దీనికి తోడు సెల్లార్‌లో కార్లు తిరగడానికి అదే గోడను కురచ చేసేవారు. పైన వెడల్పు, కింద సన్నం, కర్రకు కట్టిన జెండాలా. భారం ఎక్కువగా చేరే చోటే గోడ తక్కువ. చాలా భవనాల్లో దెబ్బ పడింది కింది అంతస్తులోనో మొదటి సెల్లార్‌లోనో, ఎక్కువగా ఇలాంటి చోట్లే.

ఇంజనీర్లు డిజైన్ చేసిన భవనాల్లో పూర్తిగా కూలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బాగు చేయలేక కూల్చేయాల్సి వచ్చినవి పదుల్లో ఉన్నాయి. మొత్తం 525 మంది మృతుల్లో 150 మందికి పైగా సునామీకి బలైనవారే. నౌకాదళ సంస్థ హెచ్చరికను ముందే ఉపసంహరించుకోవడం వల్ల వచ్చిన ముప్పు అది. ఆ వైఫల్యం మీద ఏళ్ల తరబడి విచారణ నడిచింది. అత్యవసర సేవల పాత కార్యాలయాన్నే ఎత్తేసి 2023లో కొత్త సంస్థను పెట్టారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. చిలీ భూకంపాలు చాలావరకు సముద్రం కింద పుడతాయి, హైతీలోలా రాజధాని కాళ్ల కింద కాదు. 2010 జనవరిలో హైతీలో 7.0 తీవ్రతకే రెండు లక్షల మందికి పైగా చనిపోయారంటే అందులో దూరం పాత్రా ఉంది, పేదరికం పాత్రా ఉంది. పైగా చిలీ ధనిక దేశం. నిజమే, రెంటినీ ఒప్పుకుంటాను. కానీ చియాన్ సంగతేమిటి? ఒకే ఊరు, ఒకే రాత్రి, ఒకే దూరం. ఒక ఇల్లు నిలిచింది, పక్కిల్లు కూలింది. తేడా అంతా నిలువు పట్టీలోనే. 1939 చిలీ ధనిక దేశమూ కాదు.

తప్పు తెలిశాక చిలీ చేసిన పని చూడండి. 2011లో రెండు డిక్రీలు (ప్రభుత్వ ఉత్తర్వులు), 60, 61. మొదటిది గోడల గురించి: గోడ మీద నిలువు బరువు కాంక్రీటు సామర్థ్యంలో 35 శాతం దాటకూడదు. అంచులను బిగించాల్సి వస్తే అక్కడ మందం 30 సెంటీమీటర్లకు తగ్గకూడదు. రింగు కొస 135 డిగ్రీలు వంగి లోపలి కాంక్రీటులోకి దిగాలి. రెండోది నేల గురించి: పై 30 మీటర్లలో కంపనం ఎంత వేగంతో ప్రయాణిస్తుందో కొలిచాకే నేల ఏ తరగతిదో చెప్పాలి. బీయోబీయో నది ఒండ్రు మీద ఉన్న కన్సెప్సియోన్‌కు ఇది ప్రాణంతో సమానం. భూకంపం వచ్చిన రెండేళ్లలోపే ఇదంతా చట్టమైంది.

నాకు అంతకన్నా ముఖ్యంగా కనబడేది మాత్రం ఇంజనీరింగ్ పుస్తకంలో లేదు. చిలీ చట్టం ప్రకారం భవనం మొదటగా అమ్మినవాడే నిర్మాణ లోపాలకు 10 ఏళ్లపాటు బాధ్యుడు. డిజైన్ చేసింది ఎవరో, కాంక్రీటు పోసింది ఎవరో అంటూ కొనుక్కున్నవాణ్ణి తిప్పడానికి వీల్లేదు. ముందు తను చెల్లించి, ఆ తర్వాత వాళ్ల మీద దావా వేసుకోవాలి. అంతేకాక పెద్ద భవనాల డిజైన్‌ను గృహనిర్మాణ శాఖ జాబితాలో ఉన్న వేరే ఇంజనీరు సరిచూడాలి. తప్పు ఖరీదు అమ్మేవాడి జేబుకు చేరితే, రింగు ఎలా వంచారో చూసే మనిషిని అతనే పెడతాడు. తనిఖీ అధికారి కన్నా గట్టి కాపలా అది.

మన దగ్గర రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 14వ సెక్షన్ కింద ఈ బాధ్యత 5 ఏళ్లే. స్వాధీనం చేసిన రోజు నుంచి లెక్క. భూకంపం అయిదేళ్ల క్యాలెండర్ చూసుకుని రాదు. 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది. మళ్లీ ఆ గోదావరి లోయలో జనమంతా ఉలిక్కిపడేలా వచ్చింది 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర, 5.3 తీవ్రతతో. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ జనం మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చారు. తెలుగు నేల చిలీ కాదు, ఇక్కడ 8 తీవ్రత వస్తుందని ఎవరూ అనడం లేదు, ఆ భయం పెట్టడం నా ఉద్దేశమూ కాదు. కానీ మన అపార్ట్‌మెంట్లు ఆ స్థాయికి కట్టినవీ కావు. 2001లో భుజ్ భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో పదుల సంఖ్యలో భవనాలు కూలాయి. కింద స్టిల్ట్ పార్కింగ్ కోసం గోడలు తీసేసి ఉత్త కాలమ్‌ల మీద నిలబెట్టినవే వాటిలో ఎక్కువ. విజయవాడలో ఏ వీధికి వెళ్లినా అదే నమూనా.

మన కోడ్ ఏం చెబుతోందో మన సైట్లలో అడిగి చూడండి. 2016 నాటి భూకంప మ్యాప్ ప్రకారం విజయవాడ జోన్ 3. అక్కడ భూకంపాన్ని తట్టుకునేలా కాంక్రీటులో రాడ్లు ఎలా అమర్చాలో చెప్పే ఐఎస్ 13920 తప్పనిసరి. కాలమ్ రెండు కొసల దగ్గరా రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు మించకూడదు. కొక్కెం 135 డిగ్రీలు వంగి, ఆ తర్వాత కనీసం 65 మిల్లీమీటర్లు లోపలికి సాగాలి. సైట్లో చాలాసార్లు కనబడేది మొత్తం ఎత్తుకూ ఒకే దూరం, కొక్కెం 90 డిగ్రీలు. బార్ బెండర్‌కు పని త్వరగా అవుతుంది, రాడ్డు కాస్త మిగులుతుంది. బీము, కాలమ్ కలిసే చోట రింగులు ఎక్కించడం కష్టమని అసలు వదిలేస్తారు. కాంక్రీటు పోశాక అదంతా కనబడదు.

దీని మీద మళ్లీ మన సొంత మినహాయింపు ఒకటుంది. 2007 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్ (బీపీఎస్), 2015లో తెలంగాణలో బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్, అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో మరో బీపీఎస్. అనుమతి లేకుండా లేపిన అంతస్తుకు ఇంత ఫీజు కట్టు, సక్రమం అయిపోతుంది. నాలుగు అంతస్తులకు లెక్క కట్టిన కాలమ్ మీద అయిదోది నిలబడితే, ఖజానాకు వచ్చిన రూపాయి ఆ కాలమ్‌లో ఒక్క రింగు కూడా చేర్చదు. స్ట్రక్చరల్ ఇంజనీరు సర్టిఫికెట్ జతచేసినా, గోడలోపల ఏముందో అతనికీ తెలియదు. తుర్కియే 2018లో ఇదే పనిని పెద్ద ఎత్తున చేసింది. అక్రమ కట్టడాలకు ఫీజు తీసుకుని క్షమాభిక్ష పెట్టింది. 2023 ఫిబ్రవరి 6న ఆ దేశంలో 50 వేలకు పైగా చనిపోయారు. దాని కోడ్ కాగితం మీద చిలీ కోడ్‌కు పెద్దగా తీసిపోదు.

చిలీ ఇంజనీర్లు 1996లో ఇచ్చుకున్న మినహాయింపుకు కనీసం ఒక భూకంపం సాక్ష్యంగా ఉంది. మన స్కీములకు సాక్ష్యం బడ్జెట్ లోటు. రెరా గడువును అయిదు నుంచి పదేళ్లకు పెంచడానికి పార్లమెంటులో ఒక్క సవరణ చాలు. స్లాబ్ పోసే ముందు ప్రతి అంతస్తులోనూ కాలమ్, బీము కలిసే చోట రింగుల ఫొటో తీసి, తేదీతో సహా అనుమతి ఫైల్లో పెట్టమని మున్సిపల్ శాఖ ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. ఫొటో లేని అంతస్తుకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ఏ రెగ్యులరైజేషన్ స్కీమూ ఆ ఫొటోకు బదులుగా ఫీజు తీసుకోకూడదు.