తాళి కట్టాక సమ్మతి

కాల్గరీలో 2025 నవంబర్ 27న కుదిరిన పైప్‌లైన్ ఒప్పందం మీద సంతకాలు రెండే. ఒకటి కెనడా ప్రధాని మార్క్ కార్నీది, రెండోది ఆల్బెర్టా రాష్ట్ర ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి, డానియెల్ స్మిత్‌ది. ఆల్బెర్టా చమురు వెళ్లాల్సింది మాత్రం పక్క రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా తీరానికి. తరతరాలుగా ఆ సముద్రాన్నే నమ్ముకుని బతుకుతున్న ఆదివాసుల సంతకం అందులో ఎక్కడా లేదు. ఆ తీరం ఉత్తర భాగానికి పెద్ద చమురు ట్యాంకర్లు రాకుండా 2019లో చేసిన చట్టాన్ని అవసరమైతే సవరిస్తామని కూడా రాసుకున్నారు. కార్నీ సొంత మంత్రి స్టీవెన్ గిల్‌బో అదే రోజు రాజీనామా చేశారు. వారం తిరగకముందే రాజధాని ఒటావాలో సమావేశమైన ఫస్ట్ నేషన్స్ (కెనడా ఆదివాసీ సమూహాల) నాయకులు, ఒప్పందాన్ని వెనక్కి తీసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

వాళ్లతో మాట్లాడతామని ప్రభుత్వం అంటోంది. ఎప్పుడు? తర్వాత. ఈ ‘తర్వాత’తోనే మా పేచీ. భారీ ప్రాజెక్టులకు చకచకా అనుమతులిచ్చే సీ-5 బిల్లు 2025 జూన్ 6న పార్లమెంటు ముందుకొచ్చింది, 26కల్లా చట్టమైపోయింది. ఆదివాసీ నాయకులను గాటినోలో సదస్సుకు పిలిచింది జూలై 17న. తాళి కట్టేసి, భోజనాలు కూడా అయ్యాక, పిల్లకు ఇష్టమేనా అని అడగడం ఇది. ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనను అమలు చేస్తామని 2021లో చట్టం చేసుకున్నది ఈ కెనడాయే. స్వేచ్ఛగా, ముందుగా, విషయం తెలిసి ఇచ్చేదే సమ్మతి అని ఆ ప్రకటన చెబుతుంది. అందులోంచి ‘ముందుగా’ తీసేస్తే ఇక మిగిలేది సమాచారం ఇవ్వడమే.

ట్రంప్ సుంకాలతో కెనడా ఉక్కిరిబిక్కిరైన మాట, అమెరికా కాక వేరే మార్కెట్లు వెతుక్కోవాల్సిన మాట నిజమే. ఇలాంటి ప్రాజెక్టుల్లో వాటా కోరే ఆదివాసీ సమూహాలూ ఉన్నాయి. అయితే అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉన్నప్పుడు అడగడానికి భయం దేనికి?

ఒంటారియో రాష్ట్రం ఉత్తరాన నెస్కాంటగా అనే చిన్న ఆదివాసీ ఊరుంది. కుళాయి నీళ్లు మరగబెట్టుకుని తాగండని అక్కడ 1995 ఫిబ్రవరిలో హెచ్చరిక పెట్టారు. 30 ఏళ్లు దాటినా తీయలేదు. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. రెండు తరాలకూ బయటి నుంచి తెచ్చిన సీసా నీళ్లే గతి. దేశమంతటా ఇలాంటి దీర్ఘకాలిక హెచ్చరికలన్నీ 2021 మార్చికల్లా ఎత్తేస్తామని ట్రూడో మాటిచ్చారు. అదీ గాలికి పోయింది. నీళ్లకు 30 ఏళ్లు చాలలేదు, చట్టానికి 20 రోజులు సరిపోయాయి! ఆ ఊరికి దగ్గర్లోనే ‘రింగ్ ఆఫ్ ఫైర్’ ఖనిజ నిక్షేపాలున్నాయి, వాటి కోసం వేయాల్సిన రోడ్డు గురించి మాత్రం అందరికీ తొందరే.

కెనడాను నిలదీసే నైతిక హక్కు మనకెంత అంటే, చెప్పుకోవడానికి సిగ్గే. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనకు కెనడా వ్యతిరేకంగా ఓటేస్తే భారత్ అనుకూలంగా ఓటేసింది. అదే భారత్, అడవిని ప్రాజెక్టులకు అప్పగించే కేంద్ర అనుమతికి ముందు తేలాల్సిన అటవీ హక్కులు, గ్రామసభ సమ్మతి వ్యవహారాన్ని 2022 నిబంధనలతో అనుమతి తర్వాతకు జరిపి రాష్ట్రాల నెత్తిన పెట్టింది. మళ్లీ అదే ‘తర్వాత’. పోలవరం కోసం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు అక్కడి కోయలను, కొండరెడ్లను అడిగిందెవరు? కార్నీ ఢిల్లీ నుంచి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

ఒకప్పుడు ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి లాక్కెళ్లి పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్లలో నలిగిపోయిన ఆ పిల్లలను తలచుకుంటూ ఏటా సెప్టెంబర్ 30న ఒటావా నేతలు నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని సయోధ్య గురించి మాట్లాడతారు. వచ్చే సెప్టెంబర్‌లో ఆ చొక్కా తొడుక్కునే ముందు వాళ్లు నెస్కాంటగా వెళ్లి, కుళాయి తిప్పి, ఓ గ్లాసు నీళ్లు పట్టుకుని తాగాలి. మరగబెట్టకుండా.