సవరణ: ముందు వంపు తీయండి, తర్వాతే క్రాప్

స్కాన్ చేసిన ఫోటోను ముందు క్రాప్ చేసి, తర్వాత వంపు సరిచేయమని గత పోస్టులో ఉంది. ఆ వరుస తిరగేసి చదువుకోండి.

ఏ కొంచెం తిప్పినా నాలుగు మూలల్లో ఖాళీ త్రికోణాలు వస్తాయి. 3000 పిక్సెల్‌ల వెడల్పున్న స్కాన్‌లో ఒక్క డిగ్రీ వంపంటే ఈ చివరికీ ఆ చివరికీ దాదాపు 52 పిక్సెల్‌ల తేడా. అంచుల దాకా ముందే కత్తిరించేస్తే, ఆ ఖాళీలు పోగొట్టడానికి మళ్ళీ కత్తెర పెట్టాలి. ఈసారి తెగేది బొమ్మే. గ్రూప్ ఫోటోలో చివర నిలబడ్డవాళ్ళ భుజాలు ఇలాగే పోతుంటాయి, పాపం.

‘ఎన్నిసార్లు తిప్పినా నాణ్యత తగ్గదు’ అని అదే పోస్టులో ఉన్న వాక్యం 90, 180, 270 డిగ్రీలకే వర్తిస్తుంది. అక్కడ పిక్సెల్‌లు చోటు మారతాయంతే. అదే ఒకటిన్నర డిగ్రీ తిప్పితే, సాఫ్ట్‌వేర్ పక్కపక్క పిక్సెల్‌ల రంగులు కలిపి కొత్తవి లెక్కగడుతుంది; ప్రతిసారీ కాస్త మసక చేరుతుంది. కాబట్టి కోణం కుదరకపోతే తిప్పినదాన్నే ఇంకోసారి తిప్పకుండా, అన్‌డూ చేసి సరైన అంకె ఇవ్వండి. జేపెగ్ ఫైల్‌గా మళ్ళీ మళ్ళీ సేవ్ చేస్తే జరిగే నష్టం వేరు, అది 90 డిగ్రీలకూ తప్పకపోవచ్చు. పని నడిచినంతసేపూ, సేవ్ చేసినా నాణ్యత తగ్గని టిఫ్ ఫైల్‌లో ఉంచుకుంటే ఆ టెన్షన్ లేదు.

కోణం కొలవడానికి ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లైన గింప్‌లో మెజర్ టూల్, ఫోటోషాప్‌లో రూలర్ టూల్ ఉన్నాయి; గీత గీస్తే దాని కోణం చూపిస్తాయి. గీత మాత్రం కాగితం అంచు మీద కాకుండా ఫోటోలోని స్తంభం మీదో గుమ్మం మీదో గీయండి. పాత ప్రింట్ల అంచులు చాలాసార్లు వంకరగానే కోసి ఉంటాయి.