గరుత్మంతుడికి అర లీటరు పాలు

మన జాతికి ఒక మహత్తర వైద్య విధానం ఉంది. దాని పేరు 'కాస్త పాలు పట్టండి'. కుక్కపిల్ల కుయ్యిమంటే పాలు, పిల్లి మూలిగితే పాలు, పుట్టలో పాముకు ఏ రోగమూ లేకపోయినా పాలు. పాము పాలు తాగదని బడిలో చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. ఇంటికొచ్చి, నాగుల చవితికి తలంటుకుని, పుట్టలో పోశాం. ఎవడి నమ్మకం వాడిది, పాము నమ్మకం అడిగేవాడెవడు?

ఈ సంక్రాంతికి ఆ వైద్యం గద్దల దాకా విస్తరించింది.

పండగ రోజు పొద్దున్న మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద ఒక గద్ద పడింది. కుడి రెక్క మడత దగ్గర మాంజా నాలుగు చుట్లు చుట్టుకుని, తోలు తెగి, లోపల తెల్లగా ఏదో కనిపిస్తోంది. రెక్కలు చాపితే మనిషి బారెడంత ఉండే పక్షి. తువ్వాలు కప్పి ఎత్తితే కిలో కూడా తూగలేదు. అంత పెద్ద ఆకాశాన్ని అంత తేలిక శరీరం ఏలుతోందా అనిపించింది. దారం కత్తిరించి, అట్టపెట్టెకు బెజ్జాలు పొడిచి, అడుగున పాత లుంగీ పరిచి, పెట్టెను బాల్కనీలో నీడపట్టున పెట్టాను. దెబ్బ తిన్న పక్షికి కావలసినవి చీకటి, నిశ్శబ్దం, కాస్త వెచ్చదనం. తర్వాత అటవీ శాఖకో, పక్షుల వైద్యం తెలిసినవాళ్ళకో ఫోను. అడవి పక్షిని ఇంట్లో పెట్టుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ ఒప్పుకోదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసిన సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దానికొస్తాను.

పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపు మా హాల్లో కొలువుదీరింది.

"పాలు పట్టారా?" అన్నారు మూడో అంతస్తు పెద్దాయన, చెప్పులు విప్పుతూనే.

"లేదండీ. చీకట్లో ఉంచాను."

"చీకట్లో ఉంచడం వైద్యమెలా అవుతుందయ్యా? రేపు ఎవరైనా అడిగితే ఏం చేశామని చెప్పుకుంటాం?"

ఇంత నిజాయితీ గల ప్రశ్న నేను ఈ మధ్య వినలేదు. పెట్టె మూత వేసి కూర్చుంటే ఫొటో రాదు. పుణ్యం ఎక్కడా జమ పడదు.

ఈలోగా అసోసియేషన్ కార్యదర్శి గారి శ్రీమతి, వచ్చింది సాక్షాత్తు గరుత్మంతుడని తేల్చారు. అమ్మా, గరుడ పక్షికి తల తెల్లగా, ఒళ్ళు ఇటుకరంగులో ఉంటుంది, ఇది చికెన్ సెంటర్ల మీద చక్కర్లు కొట్టే మామూలు నల్లగద్ద అని చెప్పబోయాను. అప్పటికే మూత తెరుచుకుంది. వైకుంఠ ద్వారాల్లాగే. బొట్టు పెట్టారు. గాయానికి పసుపు, పసుపు అంటుకోవాలని కొబ్బరినూనె. నూనె పట్టిన ఈక ఇక గాలికీ వానకీ పనికిరాదన్నాను. "మా అత్తగారు కోడికి ఇలాగే రాసేవారు" అని జవాబొచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. ఆ చప్పుడుకు పెట్టెలో ఎగిరిపడిన పక్షిని చూసి, "చూశారా, ఓపికొచ్చింది!" అని అందరూ సంబరపడ్డారు. ఎవరో పెరుగన్నం కూడా తెచ్చారు. ఆవపోపుతో. గద్ద వంక చూసి, "దానిమ్మ గింజలు వెయ్యనా?" అని అడిగారు, ఏకాదశి వ్రతం పట్టిన చుట్టాన్ని అడిగినట్టు.

పాల దగ్గర నేను గట్టిగానే పోరాడానని మనవి. పక్షి పాలిచ్చే జంతువు కాదు, పాలు దానికి అరగవు అన్నాను. రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ గారు కళ్ళజోడు సవరించుకుని, "పావురం పిల్లలకు పాలు పడుతుంది కదా" అన్నారు. సార్, అది పావురం గొంతుసంచిలో ఊరే పదార్థం, హెరిటేజ్ ప్యాకెట్ కాదు, పైగా ఇది పావురం కాదు, పావురాన్ని తినేది! ఒళ్ళు మండితే 'గాడిద గుడ్డు' అని తిట్టుకునే జాతి మనది. గద్ద పాలు దగ్గర మాత్రం ఒక్కరికీ అనుమానం రాలేదు. (పోయిన వేసవిలో ఇదే బృందం, వేపచెట్టు కింద ఎగరడం నేర్చుకుంటున్న గోరింక పిల్లను, తల్లి పైకొమ్మ మీద నెత్తీనోరూ కొట్టుకుంటుండగానే 'కాపాడి' ఇంటికి తెచ్చి సెరెలాక్ పెట్టింది. ఆ కథ వద్దులెండి.)

మనవడి టానిక్ సీసా డ్రాపర్ తెచ్చారు. ఒకరు తువ్వాలుతో పట్టుకున్నారు, ఒకరు ముక్కు తెరిచారు. అంతమంది చేతులూ చివరికి డ్రాపర్ని నాకే ఇచ్చాయి. "మీ ఇంటికొచ్చింది కదా, మీ చేత్తోనే."

పోశాను.

పక్షి నాలుక వెనకనే ఊపిరి రంధ్రం ఉంటుందనీ, నోట్లో పోసింది నేరుగా అందులోకి పోతుందనీ తెలిసి కూడా పోశాను. పదిమంది నా హాల్లో నిలబడి దయగా నవ్వుతుంటే కాదనలేక పోశాను. ముక్కు రంధ్రాల్లోంచి తెల్ల బుడగ ఒకటి లేచి పగిలింది. తల విదిలించింది. నన్నే చూసింది. గద్ద కన్ను గోధుమరంగు, చుట్టూ నల్లటి గీత, మధ్యలో నేను.

రాత్రి రెండింటికి పెట్టెలో గీరుడు ఆగింది. ఫోను? పండగ సెలవు, రేపు చేయండి అన్నారు.

పొద్దున్న గ్రూపులో ముప్పై రెండు దండాలు. పెద్దాయన రాశారు: "పాలు పట్టినా దక్కలేదు." పట్టినా ఏమిటండీ? పట్టాం కాబట్టి! అసలు ఆ రెక్క కోసిందెవరు? నైలాన్ మాంజాను హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. అదే పెద్దాయన, అదే డ్రాపర్ మనవడు, ముందురోజు డాబా మీద చరఖా తిప్పుతూ, "మనది తెగదురా, ఒరిజినల్ చైనా!" అని అరవలేదా? డాబా మీద కోసి, మా హాల్లో పసుపు రాసి, నా చేత పాలు పోయించి, ఓం శాంతా? సిగ్గనేది ఏ ప్యాకెట్‌లోనూ అమ్మరా?

ఇదంతా గ్రూపులో రాశాను. పంపలేదు. చెరిపేసి, నేనూ ఒక దండం పెట్టాను.

నెలాఖరున లిఫ్టు పక్కన పండగ ఖర్చుల జాబితా అంటించారు. ముగ్గు రంగులు. పిల్లలకు పతంగులు, మాంజా, చరఖాలు ఆరు. కొబ్బరికాయ ఒకటి. గద్దకు పాలు అర లీటరు.

మొత్తం ఫ్లాట్లకు సమానంగా పంచారు. నా వాటా కట్టేశాను.