ఆ ప్లేటు కోసి చూపించండి

వెల్డింగ్ నేర్పే చోట తరచూ కనిపించే వరస ఇది. చేరిన వారంలోనే చేతికి వెల్డింగ్ రాడ్ పట్టే హోల్డర్ ఇస్తారు. పాత ప్లేటు మీద బీడ్ (వెల్డు గీత) పక్కన బీడ్ వేయిస్తారు. గీత తిన్నగా, పొలుసులు సమంగా వస్తే చెయ్యి కుదిరిందని సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తారు. నేర్చుకునేవాళ్ళకి అన్యాయం జరిగేది ఇక్కడే. ఫ్యాబ్రికేషన్ షాపులో వాళ్ళ ముందుకొచ్చేది ఒక డ్రాయింగు, కోయని యాంగిళ్ళు, ఒక టేపు. ఆర్క్ వెలిగేలోపు బోలెడంత పని ఉంటుంది. దాన్ని ఎవరూ నేర్పి ఉండరు.

1000 × 600 మి.మీ. ఫ్రేము తీసుకోండి. నాలుగు ముక్కలూ కొలత తప్పకుండా కోసినా ఫ్రేము ఒరగొచ్చు. టాక్ (ముక్కల్ని నిలబెట్టే చిన్న చుక్క వెల్డు) వేశాక రెండు కర్ణాలూ కొలవాలి, రెండూ 1166 రావాలి. ఒకటి 1163, ఇంకోటి 1169 వస్తే అప్పుడే సుత్తితో సర్దాలి. ఫుల్ వెల్డు పడ్డాక సుత్తికి లొంగదు, కోసి మళ్ళీ కట్టుకోవాల్సిందే. షీటు పనిలోనూ అంతే. 2 మి.మీ. షీటుని బయటి కొలత 50, 30 వచ్చేలా 90 డిగ్రీలు వంచాలంటే 80కి కోసేస్తారు. లోపలి రేడియస్ 2 అయితే కావలసింది దాదాపు 76.5. ఆ మూడున్నర మిల్లీమీటర్లు ఎక్కడ పోయాయో తెలియకపోతే బోల్టు రంధ్రాలు కలవవు.

ఇక టెస్ట్ పీసు. 10 మి.మీ. ప్లేట్లు, 60 డిగ్రీల వీ గాడి, గాడి అడుగున, అంటే రూట్ దగ్గర, ప్లేట్ల మధ్య గ్యాప్ రెండున్నర నుంచి మూడు మి.మీ. వెల్డు చల్లారుతూ ముడుచుకుంటుంది కాబట్టి ఇంకా వెల్డు పడని వైపు గ్యాప్ మూసుకుపోతూ వస్తుంది. అందుకే ముగించే వైపు అర మిల్లీమీటరో ఒకటో ఎక్కువ వదలాలి, టాకులు గట్టిగా ఉండాలి. ఈ ముక్క చెప్పకపోతే మొదటి సగంలో రూట్ కరుగుతుంది, రెండో సగంలో కరగదు. పైనుంచి చూస్తే రెండు సగాలూ ఒకేలా అందంగా ఉంటాయి! దాన్ని అడ్డంగా కోసి, సన్నటి ఎమరీతో నున్నగా రుద్ది, నైటాల్ (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) పూసి చూడండి. వెల్డు లోహం వేరే రంగులో తేలుతుంది. రూట్ కలవని చోట రెండు ప్లేట్ల మధ్య సన్నటి నల్లగీత అలాగే మిగిలి ఉంటుంది. రూట్ బయటివైపు ఉండేలా వంచితే ఆ గీత దగ్గరే నోరు తెరుస్తుంది. పైపై చూపుతో మార్కులేసే పరీక్షకి ఇది ఎప్పటికీ దొరకదు.

లావు వెల్డే గట్టి వెల్డన్న అపోహ ఇంకోటి. మూల వెల్డుకి 6 మి.మీ. లెగ్ (మూల నుంచి ప్లేటు మీద వెల్డు పాకే పొడవు) అడిగిన చోట 8 వేస్తే లోహం దాదాపు 78 శాతం ఎక్కువ పడుతుంది. అంత వేడికి టీ జాయింట్‌లో నిలువు ప్లేటు వెల్డు వైపుకి లాక్కుపోతుంది. వెల్డు కొలిచే గేజి పెట్టి చూసే అలవాటు మొదటి నెలలోనే పడాలి.

రాడ్ల సంగతి మరీ ఘోరం. నేర్చుకున్నంతకాలం 6013 అనే మామూలు రకం రాడ్లు కాల్చి, పనిలో తక్కువ హైడ్రోజన్ రకం 7018 చేతికొస్తే దాన్నీ అలాగే బల్ల మీద తెరిచి వదిలేస్తారు. ఆ రాడ్ పైపూత గాలిలోని తేమ పీల్చుకుంటుంది. తేమ నుంచి వచ్చే హైడ్రోజన్ వల్ల, మందపాటి లేదా గట్టి రకం స్టీలులో, వెల్డు చల్లారిన ఒకటి రెండు రోజులకి కూడా పగులు రావచ్చు. ప్యాకెట్ విప్పాక రాడ్లు సుమారు 120 డిగ్రీల ఓవెన్‌లో ఉండాలి. ఓవెన్ లేని శిక్షణ షెడ్డులో 7018 గురించి ఏం నేర్పుతారు?

టైం చాలదంటారు. ఒక ప్లేటు కోయడానికి పట్టేది నిమిషాలే. 50 ప్లేట్లు కాల్చి స్క్రాపులో పడేసే బదులు 20 కాల్పించండి, ప్రతిదాన్నీ వేసినవాళ్ళ చేతే కోయించండి. గ్యాప్ ఎంత పెట్టారు, కరెంటు ఎన్ని ఆంపియర్లు, నల్లగీత ఎక్కడ మొదలైంది అన్నది ఆ ముక్క మీదే సుద్దతో రాయించి, అప్పుడు ఇంకో ప్లేటు ఇవ్వండి.