మొదటి తేనె పెట్టెకు ఎంత తీసుకోవాలి?

కొత్తగా తేనెటీగలు పెంచుతానని వచ్చినవాళ్ల దగ్గర పెంపకందారుల సంఘం ఎంత తీసుకోవాలి? ఈ ప్రశ్నకు మన దగ్గర రెండు జవాబులే వినిపిస్తాయి. ప్రభుత్వం ఇస్తోంది కాబట్టి ఏమీ తీసుకోకూడదనేది ఒకటి. ఈగలు దొరకడమే కష్టం కాబట్టి వచ్చినకాడికి తీసుకోవాలనేది రెండోది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వరకు చూస్తే రెండూ సరికాదనిపిస్తుంది. ఈగలకైన ఖర్చు, నేర్పడానికైన ఖర్చు పూర్తిగా వసూలు చేయాలి. డబ్బు లేనివాళ్ల దగ్గర దాన్ని ఈగల రూపంలో తర్వాత తీసుకోవాలి. లాభం మాత్రం కొత్తవాళ్ల మీద చూసుకోకూడదు.

ముందు ఉచితం సంగతి. ఖాదీ కమిషన్ 2017లో తేనె పెట్టెలు పంచే హనీ మిషన్ మొదలుపెట్టింది. 2020లో కేంద్రం 500 కోట్ల రూపాయలతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ ప్రకటించింది. ఉద్యాన పథకాల రాయితీ అంతకుముందు నుంచే ఉంది. 2014 నాటి మార్గదర్శకాలు పెట్టెకు 2,000, కాలనీకి (రాణితో కూడిన ఈగల గుంపుకు) 2,000 రూపాయలు ఖర్చుగా లెక్కకట్టి, అందులో 40 శాతం రాయితీ ఇచ్చాయి, ఒక్కొక్కరికి 50 కాలనీల దాకా. రాయితీని తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ 50 అనే అంకె కనపడగానే, కొత్తవాడి చేత కూడా డజన్ల కొద్దీ కొనిపించాలన్న ఆశ అమ్మేవాడికి పుడుతుంది. జేబులోంచి పెద్దగా పోనివాడు వారానికోసారి మూత తీసి చూడడం కూడా అనుమానమే. చీమలు ఎక్కుతాయి, మైనపు పురుగు పడుతుంది, ఈగలు లేచిపోతాయి. ఆ పెట్టె పశువుల కొట్టంలో తవుడు పోసుకోవడానికి పనికొస్తుంది.

ఇక ధర. అసలు మోసం జరిగేది ఇక్కడే. బేరమంతా ‘పెట్టె ఎంత’ అన్నదాని మీదే నడుస్తుంది. పెట్టెలో ఏముందో కొత్తవాడికి తెలియదు. నాలుగు ఫ్రేముల (ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల) నిండా రెండువైపులా ఈగలు, గుడ్లు, మూత వేసిన పిల్ల గదులు ఉన్న కాలనీ వేరు, రెండు ఫ్రేముల మీద పలచగా ఈగలున్న కాలనీ వేరు. బయటినుంచి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే సంఘం ఫ్రేము లెక్కన అమ్మాలి. కొనేవాడి ముందే పెట్టె తెరిచి, రాణి గుడ్లు పెడుతోందని చూపించి, ఫ్రేములు లెక్కపెట్టి రసీదు రాయాలి. నెల రోజుల్లో రాణి గుడ్లు పెట్టడం మానేస్తే ఇంకో రాణిని ఇవ్వాలి. ఆ పూచీ ఖర్చు ధరలో కలిపితే కలపనీ, తప్పు లేదు.

రకం కూడా చెప్పి అమ్మాలి. చెట్టు తొర్రలోంచి, పాత గోడలోంచి, పుట్టలోంచి పట్టుకొచ్చిన నాటు ఈగల గుంపుకు పెట్టుబడి ఒక మనిషి కూలీ, కొంచెం పంచదార పాకం. దాన్ని రాణుల్ని పెంచి, కాలనీని విడదీసి తయారుచేసిన ఇటాలియన్ ఈగల ధరకు అమ్మడం అన్యాయం. పైగా అడవి గుంపు కొత్త పెట్టెలో కుదురుకుంటుందని నమ్మకం లేదు, నచ్చకపోతే మొత్తం లేచిపోతుంది. పట్టి తెచ్చాక కనీసం ఒక తరం పిల్ల ఈగలు అదే పెట్టెలో బయటికి వచ్చేదాకా అమ్మకూడదనేది నా వాదన. 1990ల మొదట్లో పిల్ల పురుగుల్ని చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాది నాటు ఈగలను తుడిచిపెట్టినంత పని చేసింది. ఎక్కడ పట్టారో, ఎప్పుడు పట్టారో రాసిపెట్టని గుంపును ఊరూరా తిప్పితే జబ్బు కూడా వాటితోపాటే తిరుగుతుంది.

ఎన్ని అమ్మాలి? రెండు. ఒక్కటైతే రాణి చచ్చిపోయిన రోజున దారి ఉండదు. రెండుంటే రెండోదాంట్లోంచి గుడ్లున్న ఫ్రేము తీసి ఇందులో పెడితే ఈగలే కొత్త రాణిని చేసుకుంటాయి. మొదటి ఏడాది రెండుకు మించి ఎవరడిగినా ఇవ్వొద్దు. అమ్మేది కూడా వానలు తగ్గాక, జనవరి ప్రాంతంలో అయితే మంచిది. ముందుంది వేప, కానుగ, చింత పూసే కాలం కాబట్టి కొత్తవాడి పొరపాట్లను ఈగలు కొంత తట్టుకుంటాయి. అక్టోబరు, నవంబరు తుపాను వానల్లో అంటగడితే పాకం పోసి బతికించుకోవడమే సరిపోతుంది.

శిక్షణ రుసుము దగ్గర నా లెక్క ఇది, అంకెలు ఊహించినవే. నేర్పేవాడికి రోజుకు 2,000, పన్నెండు మందికి టీ, భోజనం 1,800, పాకం, ముసుగుల అరుగుదల 400. మొత్తం 4,200, అంటే తలా 350. మూడు రోజులకు 1,050. ఇంటికొచ్చి రెండుసార్లు చూసి వెళ్లడానికి ఇంకో 600. దాదాపు 1,650 రూపాయలు. ఎక్కువ అనిపించొచ్చు. కానీ హాల్లో కూర్చోబెట్టి బొమ్మలు చూపించే పాఠానికి ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు. దర్శిలో, నెల్లూరులో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, ఆ పాఠం అక్కడ చెప్పించొచ్చు. సంఘం డబ్బు తీసుకోవాల్సింది ఈగల్ని నెమ్మదింపజేసే పొగ డబ్బా పట్టుకుని, చేతుల్తో ఫ్రేము ఎత్తించే పనికి, ఇంటికొచ్చి చూసే పనికి. ఆ రెండు రాకల్లో మొదటిది ఈగలు అమ్మకముందే జరగాలి. చుట్టూ వరి మాత్రమే ఉంటే వద్దని చెప్పాలి. వరి పూతలో పుప్పొడి తప్ప తేనె దొరకదు, పైగా మందులు కొట్టే చేలు. సర్కారు తుమ్మ, జామాయిల్ ఉన్న మెట్ట అయితే ధైర్యంగా ఇవ్వొచ్చు. వద్దని చెప్పిన రోజున రుసుములో కొంత వెనక్కి ఇచ్చే సంఘాన్నే నేను నమ్ముతాను.

రెండు కాలనీలు, పెట్టెలు, శిక్షణ, ముసుగు, పొగ డబ్బా కలిపితే 2014 నాటి ఆ ఖర్చు లెక్కతో చూసినా పదివేలు చేరుతుంది. కూలి చేసుకునే ఇంటికి అది పెద్ద మొత్తమే. దీనికి మన ఊళ్లలో పాత పద్ధతే ఉంది: గొర్రెల్ని, ఆవు పెయ్యల్ని పాలుకు మేపడం. పెంచినవాడు పుట్టినవాటిలో యజమానికి వాటా ఇస్తాడు. తేనెటీగలకు ఇది ఇంకా బాగా కుదురుతుంది, బలంగా ఉన్న కాలనీని విడదీస్తే రెండవుతాయి. ఏడాది తర్వాత కాలనీకి నాలుగు ఫ్రేముల చొప్పున తిరిగిస్తే బాకీ తీరినట్టు. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి దాచిన పొదుపులక్ష్మి గుంపులు నెల్లూరు జిల్లావే. ఆడవాళ్ల సంఘాలకు లెక్క రాయడం, వంతు ప్రకారం ఇవ్వడం ఎవరూ నేర్పక్కర్లేదు. తిరిగొచ్చిన కాలనీని బయట అమ్మకుండా, తర్వాతి బ్యాచ్‌లో డబ్బు లేనివాళ్లకే ఇవ్వాలని ముందే తీర్మానం రాసుకోవాలి, లేకపోతే నాయకుడి తోటలో చేరుతుంది. (ఇది జరగదని ఎవరైనా అంటే వాళ్లు సంఘాల్లో ఎప్పుడూ పనిచేయలేదన్నమాట.)

మరి సంఘానికి ఆదాయం ఎలా? నిమ్మ రైతుల దగ్గర ఉంది. పొదలకూరు, రాపూరు తోటల్లో చాలామందికి కావాల్సింది తేనె కాదు, ఈగలు పూల మీద వాలితే వచ్చే కాపు. వాళ్లకు ఈగలు అమ్మి పెంపకం అంటగట్టడం అనవసరం, పూత ఉన్నన్నాళ్లు పెట్టెలు అద్దెకివ్వాలి. ఈ అద్దెలో లాభం వేసుకోవచ్చు, ఆ లాభంతో శిక్షణ లోటు పూడ్చుకోవచ్చు. ఒప్పంద కాగితంలో ఒక షరతు మాత్రం తప్పకుండా ఉండాలి: పూత మీద మందు కొట్టాల్సి వస్తే ఒకరోజు ముందు చెప్పాలి, ఈగలు పెట్టె చేరాక సాయంత్రమే కొట్టాలి, చెప్పకుండా కొట్టి ఈగలు చస్తే ఫ్రేముల లెక్కన ధర రైతే కట్టాలి.