4 పక్కన ఆ ‘యు’ ఎందుకు?

పోయిన నెల అమ్మని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజు సాయంత్రం సిరంజిలోకి ఇన్సులిన్ నేనే తీశాను. చీటీలో ఉన్నది చూసి 40 గీత దాకా, అంటే సిరంజి నిండా నింపాను. అమ్మ చూసి, “అక్కడ ఇంత వేయలేదురా, అడుగున కొంచెమే” అంది. ఫోన్ చేసి అడిగితే 4 యూనిట్లట. నేను సున్నా అనుకున్నది ఇంగ్లిష్ ‘యు’ అక్షరం. పైన కొంచెం కలిసిపోయింది, అంతే. చేతులు వణికాయి నాకు.

అప్పట్నించీ ఈ అక్షరం మీద కోపం పోవట్లేదు. కరెంటు బిల్లులో యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. మందుల్లో అలా ఒకే కొలత కాదు, మందు మందుకీ మారిపోతుంది. విటమిన్ డి 60,000 యూనిట్లు అంటే బరువు ఒకటిన్నర మిల్లీగ్రాములే. ఇన్సులిన్ ఒక్క యూనిట్ సుమారు 0.035 మిల్లీగ్రాములు. దీనికి కారణం ఉంది. 1920లలో కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్ తీసినప్పుడు అది శుద్ధంగా ఉండేది కాదు, తూచి లాభం లేదు. కుందేలుకిచ్చి, దాని రక్తంలో చక్కెర ఎంత పడిపోతుందో చూసి యూనిట్ లెక్క కట్టారు. లెక్క సబబే, నా గొడవ దాన్ని ఒక్క అక్షరంగా కుదించడం గురించి.

అమెరికాలో ఆస్పత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే ‘యు’ రాయొద్దు, యూనిట్ అని పూర్తిగా రాయండి అని చెప్పింది. మన దగ్గర 2016లో మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలన్నారు. మంచిదే. కానీ సున్నాలా కనిపించేది ఆ పెద్ద ‘యు’నే కదా!

ఇంకోటి. సీసా మీద ‘యు-40’ అని ఉంటే అది డోసు కాదు, ఒక మిల్లీలీటర్‌లో 40 యూనిట్లున్నాయని. ఇన్సులిన్ పెన్నులో పెట్టే మందు గొట్టం, అంటే కార్ట్రిడ్జ్‌లో, మిల్లీలీటర్‌కి సాధారణంగా 100 ఉంటాయి. ఎర్ర మూత సిరంజి 40 దానికి, నారింజ మూతది 100 దానికి. కార్ట్రిడ్జ్ మందుని ఎర్ర మూత సిరంజితో తీస్తే వేయాల్సిన దానికి రెండున్నర రెట్లు ఒంట్లోకి వెళ్తుంది. ఈ ముక్క డిశ్చార్జ్ రోజు మాకెవరూ చెప్పలేదు. బిల్లు మాత్రం మూడుసార్లు వివరించారు.

డాక్టర్లూ, ‘యూనిట్లు’ అని రాయడానికి రెండు సెకన్లు పడుతుంది. దయచేసి రాయండి, పక్కన అంకెని అక్షరాల్లో కూడా. మా ఫ్రిజ్ మీద ఇప్పుడు “నాలుగు యూనిట్లు” అని తెలుగులో రాసి అంటించాను. సూది తీసే ముందు అమ్మ దాన్ని పైకి చదువుతుంది, నేను గీత చూపిస్తాను.