గజం 170 కోట్లు, వాస్తు దోషం లేదు

విజయవాడలో స్థలాల మీద డబ్బు పెట్టే రోజులు పోయాయి. ఇక పెట్టవలసింది అమెరికా కామిక్ పుస్తకాల కోసం అచ్చుకు ముందు చేత్తో గీసిన ఒరిజినల్ పేజీల మీదేనని నగర ప్రజలకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. రియల్ ఎస్టేట్ మిత్రులు నొచ్చుకోవద్దు. లెక్క చెబుతాను, తప్పుంటే సరిచేయండి.

2022 జనవరిలో అమెరికాలోని డాలస్‌లో హెరిటేజ్ అనే వేలం సంస్థ ఒకే ఒక్క పేజీ అమ్మింది. 1984 నాటి ‘సీక్రెట్ వార్స్’ 8వ సంచికలో 25వ పేజీ అది. గీసింది మైక్ జెక్. స్పైడర్‌మ్యాన్ ఒంటి మీదికి నల్ల డ్రెస్సు ఎలా వచ్చిందో అందులో ఉంటుంది. 33 లక్షల 60 వేల డాలర్లు పలికింది. అప్పటి రేటులో సుమారు 25 కోట్ల రూపాయలు. ఇక కొలతలు చూద్దాం. ఆ కాలపు పేజీలు మామూలుగా 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు ఉంటాయి. అంటే చదరపు అడుగుకు కాస్త ఎక్కువ. ఆ లెక్కన చదరపు అడుగు 19 కోట్లు, గజం 170 కోట్ల పైమాటే. బెంజి సర్కిల్లో తూర్పు ఫేసింగు కార్నర్ బిట్టు కూడా ఈ రేటు ముందు నిలబడదు. రాజధాని ప్రకటించిన వారంలో బ్రోకర్లు నోటికొచ్చిన రేట్లు చెప్పారు గానీ, వాళ్ల నోటికి కూడా ఇంత రేటు రాలేదు.

పైగా ఈ ఆస్తికి ఉన్న సౌకర్యాలు స్థలానికి లేవు. కబ్జా భయం లేదు. ప్రహరీ కట్టక్కర్లేదు. పొద్దున లేచేసరికి రిజిస్ట్రేషన్లు ఆపేసే 22-ఏ జాబితాలోకి ఎక్కదు. రోడ్డు వెడల్పులో పోదు. అన్నదమ్ములకు పంపకాలు వస్తే ఎలాగని అడుగుతారేమో, పేజీకి అయిదారు ప్యానెళ్లు, అంటే బొమ్మల గళ్లు ఉంటాయి, తలా రెండు.

కాగితం పాడైతే విలువ పోదా అని కూడా కొందరు సందేహజీవులు అడుగుతారు. 1936లో టిన్‌టిన్ ‘బ్లూ లోటస్’ పుస్తకం అట్ట కోసం హెర్జే వేసిన బొమ్మ ఒకటి 2021లో పారిస్ వేలంలో 32 లక్షల యూరోల దాకా వెళ్లింది. ఆ బొమ్మ ఏళ్ల తరబడి మడతపెట్టి సొరుగులో ఉందని అమ్మినవాళ్లే చెప్పారు. మడతల గుర్తులు ఇప్పటికీ దాని మీద ఉన్నాయి. మన దగ్గర దస్తావేజు మీద ఒక్క కొట్టివేత ఉంటే సబ్ రిజిస్ట్రార్ మొహం తిప్పుకుంటాడు.

ఈ సత్యాన్ని మా అపార్టుమెంటులో మొట్టమొదట గ్రహించిన వ్యక్తి నాలుగో అంతస్తు పెద్దాయన. ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఇంద్రజాల్ కామిక్స్ అద్దెకు తెచ్చుకుని, ఫాంటమ్ ఉంగరం గుర్తు తన దవడ మీద కూడా పడాలని కోరుకున్న తరం. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. రిటైర్మెంటు డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉంది. అలాంటి స్థితిలో ఉన్న మగవాడు సాధారణంగా తాడేపల్లి వైపు రెండు వందల గజాలు చూస్తాడు. ఈయన డాలస్ వైపు చూశారు.

అక్కడ పగలు వేలం జరిగితే ఇక్కడ అర్ధరాత్రి. మా అపార్టుమెంటులో ఆ వేళకు దీపం వెలిగేది ఇంటర్ పరీక్షలప్పుడే కాబట్టి, వాచ్‌మన్ ఆయన ఆరోగ్యం గురించి కంగారుపడ్డాడు. నిజానికి ఆయనకు ఉన్నదల్లా టెన్షన్. వేలంలో పేజీలకూ ఒక కులవ్యవస్థ ఉంటుంది. అన్నిటికన్నా పైన అట్టమీది బొమ్మ. దాని కింద పేజీ మొత్తం ఒకే బొమ్మ ఉండే స్ప్లాష్. ఆ కింద మామూలు ప్యానెళ్ల పేజీ. అందులోనూ హీరో డ్రెస్సు వేసుకుని ఉంటే ఒక రేటు, చొక్కా ప్యాంటులో ఉంటే ఒక రేటు, అసలు లేకపోతే మరో రేటు. మన పెద్దాయన మూడో రకం కొన్నారు. ఒకాయన టెలిఫోన్లో మాట్లాడుతుంటాడు, ఇంకొకాయన కిటికీలోంచి చూస్తుంటాడు. ఒక కొత్త బుల్లెట్ బండి ధరకు దక్కింది.

దక్కిందని ఆయన అనుకున్నారు. సుత్తి పడ్డ రేటు వేరు, కట్టవలసిన రేటు వేరు. దాని మీద బయ్యర్స్ ప్రీమియం అని ఇంచుమించు అయిదో వంతు కలుపుతారు. ఈ సంగతి విని గుంటూరు నుంచి వచ్చిన ఆయన బావమరిది సోఫాలో నిటారుగా కూర్చున్నాడు. మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లుగా కమీషన్ వ్యాపారం చేస్తున్న మనిషి. వేలం అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

“బావగారూ, కమీషన్ అమ్మినవాడి దగ్గర పట్టుకోవాలి కదా?”

“వాడి దగ్గరా పట్టుకుంటారు.”

“కొన్నవాడి దగ్గర కూడానా?”

“అదీ పద్ధతి.”

“ఇన్నాళ్లూ మేం ఒక్కవైపే తింటున్నందుకు పేపర్లో రాస్తున్నారు బావా,” అన్నాడు బావమరిది చాలా బాధగా. తర్వాత కాసేపు ఆలోచించి, “సరుకు చేత్తో పట్టి చూడకుండా, టిక్కీ బస్తాలో చెయ్యి పెట్టకుండా ఎలా పాడారు?” అని అడిగాడు. స్కాన్ చూశానని పెద్దాయన చెప్పారు. తేజ మిర్చిని ఫొటో చూసి కొన్నవాడెవడూ యార్డులో రెండో సీజన్ చూడలేదని బావమరిది అన్నాడు.

డబ్బు పంపడం దగ్గర మాత్రం మన ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. రిజర్వ్ బ్యాంక్ పథకం కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపవచ్చు. చదువుకు, వైద్యానికి, బంధువుల పోషణకు మాత్రమే కాదు, కళాఖండాలు కొనడానికి కూడా పంపవచ్చని రిజర్వ్ బ్యాంక్ చెబుతోంది. పది లక్షల రూపాయలు దాటకపోతే మూలంలో పన్ను కూడా పట్టుకోరు. అందుకని మధ్యతరగతి పాఠకులు ప్యానెళ్ల పేజీలతో ఆగి, స్ప్లాష్ జోలికి పోకపోవడం మంచిది. బ్యాంకు కౌంటరులో అమ్మాయి “పర్పస్ ఏంటి అంకుల్?” అని అడిగితే తలెత్తుకుని “కళ” అనండి. ఆ రెండు అక్షరాలు అనడానికి పెద్దాయన చాలాసేపు గొంతు సవరించుకున్నారని వినికిడి.

ఇక షిప్పింగ్. కొనడం ఎంత, అర్ధరాత్రి ఒక బటన్ నొక్కడం. షిప్పింగే అసలు సంసారం. పేజీని చుట్టకూడదు, మడవకూడదు. పారదర్శకమైన కవరులో పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య బిగించి, మూలలు కదలకుండా టేపు వేసి, ఆ అట్టలను ఇంకో పెట్టెలో పెట్టి పంపుతారు. బీమా కావాలంటే పూర్తి విలువ రాయాలి. పూర్తి విలువ రాస్తే పూర్తి విలువ మీద సుంకం పడుతుంది. ఇక్కడ మన చట్టంలోని సూక్ష్మం గమనించాలి. సుంకం వస్తువు మీద మాత్రమే కాదు, వస్తువు ధర, బీమా, రవాణా ఖర్చు మూడూ కలిపిన మొత్తం మీద వేస్తారు. అంటే పెట్టె బలంగా కట్టించినందుకూ సుంకమే. ఆ సుంకం కూడా కలుపుకుని వచ్చిన మొత్తం మీద జీఎస్టీ. పన్ను మీద పన్ను అని కొందరు గొణుగుతారు. కళను ప్రభుత్వం రెండుసార్లు గుర్తించిందని నేను అంటాను.

ఈ దశలో ప్రతివాడికీ ఒక తెలివైన మిత్రుడు తటస్థపడతాడు. “గిఫ్టు అని రాయించండి, అయిపోతుంది” అంటాడు. కాదు. గిఫ్టు పేరుతో సుంకం లేకుండా వచ్చే దారిని 2019 డిసెంబరులో మూసేశారు. రెండింటికే మినహాయింపు: ప్రాణాలు కాపాడే మందులు, రాఖీలు. పేజీ మీద దారం కట్టి పంపమని అడిగితే ఎలా ఉంటుందని పెద్దాయన ఒక రాత్రంతా ఆలోచించారు. రాఖీతో పాటు వచ్చే కానుకలకు మినహాయింపు లేదని తెలిసి విరమించుకున్నారు.

పెట్టె ఒక మహానగరం విమానాశ్రయం దాకా వచ్చి ఆగింది. ఆధార్ పంపమన్నారు, పంపారు. తర్వాత కొరియర్ కంపెనీ కుర్రాడు ఫోను చేశాడు.

“సార్, మీ షిప్‌మెంట్ హోల్డ్‌లో ఉంది. ఐటెం ఏంటి సార్?”

“కామిక్ పేజీ బాబూ.”

“పిల్లల బొమ్మల పుస్తకమా సార్?”

“పుస్తకం కాదు. చేత్తో గీసిన బొమ్మ.”

“ఎవరు గీశారు సార్, మీ మనవడా?”

“డెబ్బైల్లో గీసింది నాయనా, అమెరికాలో.”

“అంటే సెకండ్ హ్యాండా సార్?”

నవ్వుకోండి గానీ, ఆ కుర్రాడి ప్రశ్నలో న్యాయం ఉంది. కస్టమ్స్ పట్టికలో పిల్లల బొమ్మల పుస్తకాలకు 4903 అని ఒక నంబరు. చిత్రాలు, డ్రాయింగులకు 9701. అయితే 9701లోకి రావాలంటే బొమ్మ పూర్తిగా చేత్తో వేసినదై ఉండాలి. పెద్దాయన పేజీలో బొమ్మలన్నీ చేత్తో వేసినవే, కానీ పైన పత్రిక పేరు మాత్రం అచ్చు వేసి అతికించిన చీటీ. మరి ఇది కళా, స్టేషనరీనా? ప్రపంచంలోని సౌందర్యశాస్త్రజ్ఞులు ఇన్ని దశాబ్దాలుగా తేల్చని విషయాన్ని మనవాళ్లు వారంలో తేల్చారు. కళేనన్నారు. బిల్లు కూడా కళకు తగ్గట్టే వచ్చింది.

చివరికి పెట్టె గన్నవరం మీదుగా కాకుండా లారీలో వచ్చింది. భోజనాల బల్ల మీద విప్పారు. నేనూ వెళ్లి చూశాను, ఇక్కడ మాత్రం వేళాకోళం కాసేపు ఆపుతాను. అచ్చులో ఎప్పుడూ కనబడనివి ఆ కాగితం మీద ఉన్నాయి. సిరా గీతల కింద లేత నీలం పెన్సిల్ గీతలు, అచ్చుకోసం తీసే ఫొటోలో పడవని ఆ రంగు వాడతారు. నల్లగా నింపవలసిన చోట చిన్న ఇంటూ మార్కులు, కొన్నిటిని నింపడం మరిచిపోయారు కూడా. టెలిఫోన్ పట్టుకున్న చెయ్యి మొదట ఇంకోలా వేసి, తెల్లరంగు పూసి, దాని మీద మళ్లీ వేశారు. పక్కనుంచి చూస్తే ఆ తెల్లరంగు దళసరిగా ఉబ్బి ఉంది, వేలు పెడితే తగిలేంత. మాటల బుడగ ఒకటి అతికించిన జిగురు గోధుమరంగుకు తిరిగి, కాగితం మూల లేచింది. ఎవరో మనిషి నెలాఖరు గడువు తరుముతుంటే కూర్చుని ఆ చెయ్యి రెండోసారి వేశాడు.

ఆయన శ్రీమతి కూడా కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చూశారు.

“ఏవండీ, ఇందులో ఆ సాలీడాయన ఏడీ?”

“ఈ పేజీలో లేడు. తర్వాతి పేజీలో వస్తాడు.”

“మరి తర్వాతిది కొనాల్సింది.”

“దాని రేటు వేరు.”

“ఫోను మాట్లాడే ఆయన్నైతే మన బందరు రోడ్డు మీదే చూడొచ్చు కదండీ,” అని ఆవిడ లేచి వెళ్లిపోయారు. ఇప్పుడు పేజీ పడకగదిలో, ఎండ తగలని గోడకు ఉంది. కృష్ణ ఒడ్డు తేమ, రోహిణి కార్తె ఎండ కాగితానికి పడవు కనుక ఏసీ దానికి వేస్తున్నారు. దంపతులు హాల్లో ఫ్యాను కింద పడుకుంటున్నారు.

ఇదంతా చూసి, మన ఊళ్లో బొమ్మలకు గౌరవం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బందరు రోడ్డులో వెనకటి విక్టోరియా జూబిలీ మ్యూజియానికి ఇప్పుడు బాపు పేరే ఉంది. లోపల బుద్ధ విగ్రహాలు, నాణేలు, కత్తులు ఉండే పురావస్తు మ్యూజియం అది. ఒక బొమ్మల ఆయన పేరు శాతవాహనుల నెత్తిన పెట్టిన నగరం ప్రపంచంలో ఇంకోటి ఉంటే చూపించండి.

ఒరిజినళ్ల మాట అంటారా. అమెరికాలో కూడా 1960ల దాకా ప్రచురణకర్తలు పేజీలను చించి పారేసినవాళ్లే. తర్వాత్తర్వాత ఆర్టిస్టులకు వెనక్కి ఇవ్వడం మొదలుపెట్టారు. హల్క్ కథలో వూల్వరీన్ అనే హీరో మొదటిసారి కనబడిన పేజీని ఆర్టిస్టు హెర్బ్ ట్రింప్ 1983లో ఒక కుర్రాడికి ఊరికే ఇచ్చేశాడు. 2014లో అది ఆరున్నర లక్షల డాలర్లు దాటింది. మన ఊరూ తక్కువ ప్రెస్సుల ఊరు కాదు. వారపత్రికలు, డిటెక్టివ్ నవలలు, పిల్లల పుస్తకాలు, అన్నిటికీ అట్టబొమ్మలు వేసే చేతులు గవర్నరుపేట సందుల్లోనే ఉండేవి. బొమ్మ బ్లాక్ మేకర్ దగ్గరికి వెళ్లేది, అచ్చు వేసే బ్లాకు వచ్చేది. బొమ్మను వెనక్కి తెచ్చుకోవడం మాత్రం ఎవరి డ్యూటీ కాదు.

పెద్దాయన ఇప్పుడు ఆ వైపు కూడా చూపు సారించారు. మొన్న ఏలూరు రోడ్డు పక్క సందులో పాత కాగితాల కొట్టాయన్ని కదిపారు. అలాంటివి అప్పుడప్పుడు వస్తుంటాయని ఆయన ఒప్పుకున్నాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పిల్లలు సంచుల్లో తెచ్చి వేస్తారట. అయితే అచ్చయిన వారపత్రికకు పేపరు రేటు వస్తుందనీ, దళసరి కాగితం మీద వేసిన ఈ బొమ్మలు అట్టల కిందికి వస్తాయి కాబట్టి కిలోకి ఇంకా తక్కువనీ వివరించాడు. పైన రంగు పూసి ఉంటే మిల్లువాళ్లు తరుగు కూడా తీస్తారట. ప్రీమియం లేదు, బీమా లేదు, ఆధార్ అక్కర్లేదు. కళా, స్టేషనరీనా అన్న వివాదం లేదు. ఫోను చేస్తే కాటా, గోనెసంచి తీసుకుని కుర్రాణ్ణి ఆయనే ఇంటికి పంపిస్తాడు.